విదేశీ ప్రయాణాల్లో జాతి వివక్ష ఎదురైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పరాయి దేశంలో మన రంగునో, మొహాన్నో, పేరునో, యాసనో చూసి ఎవరైనా చిన్నబుచ్చితే ఆ క్షణంలో ఏం చేయాలో తోచదు. భాష సరిగ్గా రాదు, అక్కడి చట్టం తెలియదు, పైగా రైలుకో విమానానికో టైమ్ అయిపోతుంటుంది. ఉద్యోగరీత్యా పదిహేనేళ్ళుగా తిరుగుతూ నేను పడ్డవి, తోటి ప్రయాణికులు నన్ను అడిగినవి, తర్వాత చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడే ఏదో జరిగి, చేతులు వణుకుతుండగా ఇది చదువుతున్నట్లయితే ముందు "ప్రమాదం ఉందనిపిస్తే?" అన్న ప్రశ్నకి వెళ్ళండి.

జరిగింది వివక్షేనా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

అందరూ మొదట అడిగేది ఇదే. నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను. రాత్రి పదకొండున్నరకి ఒక హోటల్ కౌంటర్ ముందు నిలబడ్డాను. గదికి డబ్బు ముందే కట్టేశాను. కౌంటర్‌లో ఉన్నామె నా పాస్‌పోర్ట్‌లో ఫొటోని, నన్ను మూడుసార్లు మార్చి మార్చి చూసి, క్యాష్ డిపాజిట్ కట్టాలంది. ఇచ్చాను. నా వెనకే ఒక తెల్లజంట వచ్చారు. వాళ్ళని ఏమీ అడగలేదు. తాళం కార్డు చేతికిచ్చి, నవ్వుతూ లిఫ్ట్ ఎటుందో చూపించింది. నేనింకా పర్సు జేబులో పెట్టుకోలేదు.

ఇలాంటప్పుడు నేను ఒక్కటే చూసుకుంటాను: అదే చోట, అదే సమయంలో, అదే పరిస్థితిలో ఉన్న ఇంకొకరిని వేరేగా చూశారా? చట్టాలు కూడా చాలావరకు ఈ పోలిక మీదే నడుస్తాయి. అనుమానం తీర్చుకోవడానికి మామూలు గొంతుతో ఒక ప్రశ్న అడగండి: "ఈ రూల్ అందరికీనా? ఎక్కడైనా రాసి ఉందా?" నిజంగా రూల్ ఉంటే చూపిస్తారు, మీ మనసూ కుదుటపడుతుంది. లేకపోతే ఎదుటి మనిషి తడబడతారు. ఆ తడబాటుని గుర్తుంచుకోండి, తర్వాత రాసుకోవడానికి పనికొస్తుంది. ఆ రాత్రి నేను ఆ ప్రశ్న అడగలేదు.

కొన్నిసార్లు ఎంత ఆలోచించినా తేలదు. ఆమె అలసిపోయి ఉందా, నన్ను చూసే అలా మాట్లాడిందా? తేలకపోయినా మనసు చివుక్కుమన్నది మాత్రం నిజం. దానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఫిర్యాదు చేయడానికి ఆధారం కావాలిగానీ బాధపడటానికి కాదు.

ఏవి వివక్ష కిందికి వస్తాయి? వీసా క్యూలో గంటలు నిలబెట్టడం కూడానా?

ఐక్యరాజ్యసమితి 1965లో జాతి వివక్షకి వ్యతిరేకంగా ఒక అంతర్జాతీయ ఒడంబడికని ఆమోదించింది. అది 1969లో అమల్లోకి వచ్చింది, ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. జాతి, రంగు, వంశం, పుట్టిన దేశం లేదా తెగ కారణంగా మనిషిని వేరుచేసి అతని హక్కులని తగ్గించడమే జాతి వివక్ష అని దాని నిర్వచనం. అయితే పౌరులకీ పౌరులు కానివారికీ మధ్య ప్రభుత్వాలు పెట్టే తేడాలకి ఇది వర్తించదని కూడా మొదటి అధికరణంలోనే ఉంది. అందుకే కొన్ని పాస్‌పోర్ట్‌లకి వేరే క్యూ, వేరే వీసా రూల్స్ ఉంటాయి. అది మనకి అన్యాయంగా అనిపించవచ్చు, నాకూ అనిపిస్తుంది. కానీ దాని మీద కౌంటర్‌లో ఫిర్యాదు చేసి లాభం లేదు. ఒకే పాస్‌పోర్ట్ ఉన్న ఇద్దరిలో నల్లగా ఉన్నవాళ్ళని మాత్రమే పక్కకి పిలిస్తే అది వేరే విషయం.

ఇక మనల్ని వింతగా చూడటం, ఫొటో దిగుదామని అడగడం, జుట్టు ముట్టుకోవడం. బయటివాళ్ళు అరుదుగా వచ్చే ఊళ్ళలో ఇది చాలాసార్లు ఉత్త కుతూహలమే. ఎదుటివాళ్ళ ఉద్దేశం ఏదైనా మీకు ఇష్టం లేకపోతే "వద్దు" అనే హక్కు మీకుంది. "మీ ఇంగ్లిష్ భలే బాగుందే", "అసలు మీది ఏ దేశం?" లాంటి చిన్న చిన్న పోట్లకి హార్వర్డ్‌లో పనిచేసిన నల్లజాతి మనోవైద్యుడు చెస్టర్ పియర్స్ 1970లో "మైక్రో అగ్రెషన్" అని పేరు పెట్టారు. ఒక్కటి తగిలితే పెద్దగా అనిపించదు. రోజుకి ఆరుసార్లు తగిలితే సాయంత్రానికి ఎందుకో తెలియకుండానే నీరసం వస్తుంది.

ఆ సమయంలో నోట మాట రాలేదు. ఏమీ అనకుండా వచ్చేశాను. ఇప్పుడు నామీద నాకే కోపంగా ఉంది.

ఈ ప్రశ్నకి ఎంత రాసినా తక్కువే. నాతో మాట్లాడిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది అవమానం కన్నా ఈ కోపంతోనే ఎక్కువ బాధపడుతున్నారు.

1893 జూన్ 7 రాత్రి దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో ఫస్ట్‌క్లాస్ టికెట్ ఉన్న ఒక యువ లాయర్‌ని రంగు కారణంగా రైల్లోంచి దింపేశారు. ఆ కథ అందరికీ తెలుసు. ఆ తర్వాత వెయిటింగ్ రూమ్‌లో ఏం జరిగిందన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు. బయట గడ్డకట్టే చలి. ఆయన ఓవర్‌కోటు సామాన్లలో ఉంది, సామాన్లు రైల్వేవాళ్ళ దగ్గర ఉన్నాయి. వెళ్ళి అడిగితే మళ్ళీ అవమానిస్తారేమోనన్న భయంతో కోటు అడగలేదని, చలికి వణుకుతూనే కూర్చున్నానని గాంధీ తానే రాసుకున్నారు. అప్పుడాయనకి 23 ఏళ్ళు. తన కోటు తాను అడగడానికి కూడా ఆయనకి నోరు రాలేదు.

తెల్లవారాక ఆయన రెండు పనులు చేశారు. రైల్వే జనరల్ మేనేజర్‌కి పొడుగాటి టెలిగ్రామ్ పంపారు. తనని పిలిపించిన అబ్దుల్లా సేఠ్‌కి జరిగింది తెలియజేశారు. అంటే రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు, తనవాళ్ళకి ఒక కబురు. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

అవమానం జరిగినప్పుడు గొంతు తడారిపోవడం, కాళ్ళు కదలకపోవడం పిరికితనం కాదు. ఎదురు తిరగాలా, పారిపోవాలా అని తేల్చుకోలేనప్పుడు శరీరం చేసే పనే అది. మంచి జవాబు మనకి రాత్రి మంచం మీద తోస్తుంది, అందరికీ అంతే. జవాబు చెప్పడానికి ఆ పది సెకన్లే గడువని ఎవరూ పెట్టలేదు. రేపు ఉదయం ఉంది, వచ్చే నెల ఉంది.

సరే, అక్కడికక్కడే ఏదైనా అనాలనుకుంటే ఏం అనాలి?

ముందు నాలుగు వైపులా చూడండి. అతను తాగి ఉన్నాడా? ఒక్కడా, నలుగురా? మీరు బయటికి వెళ్ళే దారి ఏది? అతని చేతిలో మీ పాస్‌పోర్టో, మీ గది తాళమో, మీ విమానమో ఉందా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మాట దాచుకోండి.

అంతా క్షేమమనిపిస్తే పొట్టి వాక్యాలు చాలు. "మీరన్నది మళ్ళీ చెప్పండి" అనడం చాలా బాగా పనిచేస్తుంది. చులకనగా ఒకసారి అన్నమాట నలుగురి ముందు రెండోసారి అనడానికి చాలామంది వెనకాడతారు. "నాతో అలా మాట్లాడొద్దు." "మేనేజర్‌ని పిలవండి." "మీ పేరు చెప్పండి, రాసుకుంటాను." వెళ్ళే దేశపు భాషలో ఈ నాలుగూ నేర్చుకుని ఫోన్లో రాసిపెట్టుకోండి. నేను ప్రతి ప్రయాణానికి ముందు "దయచేసి", "థాంక్యూ"లతో పాటు వీటినీ నేర్చుకుంటాను.

అరికాలి మంట నెత్తికెక్కినా తిట్టొద్దు, వేలు చూపించొద్దు. ఇది మంచీమర్యాదల కోసం చెప్పడం లేదు. జర్మనీలో మనిషిని దూషించడం, మధ్యవేలు చూపించడం నేరం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనూ అంతే, అక్కడ ఫోన్ మెసేజ్‌లో తిట్టినా కేసే. మొదట అన్నది అతనైనా చివరికి పోలీస్ స్టేషన్‌లో కూర్చునేది మీరవుతారు.

ప్రమాదం ఉందనిపిస్తే?

వాదన ఆపేసి, మనుషులు ఉన్నచోటికి, వెలుతురు ఉన్నచోటికి వెళ్ళండి. షాపు, ఫార్మసీ, హోటల్ లాబీ ఏదైనా సరే. బస్సులో అయితే డ్రైవర్ దగ్గరికి వెళ్ళండి. రైల్లో అయితే పెట్టె మారండి.

ఎమర్జెన్సీ నంబర్ యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. బ్రిటన్ రైళ్ళలో మాట్లాడే వీలు లేకపోతే 61016కి మెసేజ్ పెడితే రైల్వే పోలీసులకి చేరుతుంది. అది వెంటనే సాయం కావలసిన ప్రమాదానికి కాదు, దానికి 999కే ఫోన్ చేయాలి.

దెబ్బ తగిలితే ఎంత చిన్నదైనా డాక్టర్‌కి చూపించి కాగితం తీసుకోండి. పోలీస్ రిపోర్ట్ కాపీ, కనీసం దాని నంబర్ లేకుండా స్టేషన్ నుంచి బయటికి రావొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌వాళ్ళు ముందుగా అడిగేది ఆ రెండే. దాడి చేసినవాడు ఏమని అరిచాడో అదే భాషలో, అవే మాటల్లో రిపోర్ట్‌లో రాయించండి. బూతులని రాయడానికి మొహమాటపడతాం. కానీ మామూలు కొట్లాటకీ జాతి ద్వేషంతో చేసిన దాడికీ తేడా తెలిసేది ఆ మాటల్లోనే. చాలా దేశాల్లో రెండోదానికి శిక్ష ఎక్కువ.

అవతలివాళ్ళు పోలీసులో, ఇమిగ్రేషన్ ఆఫీసర్లో అయితే?

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. బలమంతా అటువైపే ఉంటుంది.

అక్కడ మాత్రం సహకరించండి. చేతులు కనిపించేలా పెట్టండి, అడిగినదానికి నిజం చెప్పండి, అడగనిది చెప్పొద్దు. "నన్ను ఎందుకు ఆపారో తెలుసుకోవచ్చా?" అని ఒకసారి అడగండి. "నేను వెళ్ళొచ్చా?" అని ఒకసారి అడగండి. మీకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, దుబాసీ కావాలని చెప్పండి. అరెస్ట్ చేస్తే మీ దేశపు కాన్సులేట్‌కి తెలియజేయమని మీరే అడగండి. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం ఆ హక్కు మీకుంది, ఉందని మీకు చెప్పాల్సిన బాధ్యత వాళ్ళదే. చెప్పకపోయినా మీరు అడగండి.

రంగు చూసి ఆపడం పోలీసుల మామూలు పనే అనుకునేవాళ్ళకి మూడు తీర్పులు చెబుతాను. 1992 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వల్యాదొలీద్ స్టేషన్‌లో రైలు దిగిన ఒక నల్లజాతి స్పానిష్ పౌరురాలిని గుర్తింపు కార్డు చూపమన్నారు. పక్కనున్న ఆమె భర్తనీ, మిగతా ప్రయాణికులనీ అడగలేదు. ఆమె స్పెయిన్ కోర్టులన్నీ ఎక్కి ఓడిపోయి, చివరికి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్ళారు. అది వివక్షేనని 2009లో కమిటీ తేల్చింది. పదహారేళ్ళు పట్టింది. 2012లో జర్మనీలోని కోబ్లెంజ్ హైకోర్టు రైల్లో రంగు చూసి తనిఖీ చేయడం రాజ్యాంగ విరుద్ధమంది. 2023 ఫిబ్రవరిలో హేగ్ అప్పీల్ కోర్టు, సరిహద్దు తనిఖీలకి మనుషులని ఎంచుకునేటప్పుడు జాతిని ఒక కారణంగా వాడకూడదని నెదర్లాండ్స్ సరిహద్దు పోలీసులని ఆదేశించింది. ఇవన్నీ తర్వాత కాగితం మీద గెలిచినవే. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి వాదించి గెలిచినవి కావు.

అమెరికా ఎయిర్‌పోర్ట్‌లలో ప్రతిసారీ మిమ్మల్నే పక్కకి పిలుస్తుంటే డీహెచ్‌ఎస్ ట్రిప్ అనే ప్రభుత్వ పద్ధతిలో అర్జీ పెట్టుకోవచ్చు. నిఘా జాబితాలో ఉన్న ఎవరి పేరుతోనో మీ పేరు కలవడం వల్ల ఇలా జరుగుతుంటే వాళ్ళిచ్చే రిడ్రెస్ నంబర్‌ని తర్వాత టికెట్ కొనేటప్పుడు ఇవ్వాలి.

జరుగుతున్నదాన్ని వీడియో తీయొచ్చా?

దేశాన్ని బట్టి ఉంటుంది, తెలుసుకోకుండా తీయొద్దు. అమెరికాలో బహిరంగ ప్రదేశంలో డ్యూటీలో ఉన్న పోలీసులని వాళ్ళ పనికి అడ్డం రాకుండా వీడియో తీయడానికి సాధారణంగా హక్కుంది. జర్మనీలో మనుషులు తమలో తాము మాట్లాడుకునే మాటలని వాళ్ళకి తెలియకుండా రికార్డ్ చేయడం నేరం. ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా మనిషి ఫొటో తీయడమే కేసు. ఇమిగ్రేషన్ కౌంటర్ల దగ్గర ఫోన్ బయటికి తీయొద్దని దాదాపు అన్నిచోట్లా బోర్డు ఉంటుంది.

తీసినది సోషల్ మీడియాలో పెట్టే ముందు ఒక రాత్రి ఆగండి. దక్షిణ కొరియా, జపాన్‌లలో నిజం రాసినా పరువునష్టం నేరం కావచ్చు. వీడియో కన్నా నమ్మకమైనది వెంటనే రాసుకున్న నోట్. టైమ్, చోటు, అన్న మాటలు, అక్కడ ఉన్నవాళ్ళు, బ్యాడ్జి మీద పేరు. మీకు మీరే మెయిల్ పంపుకుంటే తేదీ, టైమ్ దానంతటదే పడుతుంది. బిల్లు, బోర్డింగ్ పాస్ పారేయకండి. పక్కనున్నవాళ్ళు చూస్తే వాళ్ళ ఫోన్ నంబర్ అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు, మనం అడగం అంతే.

హోటల్, రెస్టారెంట్, అద్దె గది ఇవ్వనంటే?

చాలా దేశాల్లో ఇది చట్టవిరుద్ధం. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం, ఆస్ట్రేలియాలో 1975 జాతి వివక్ష చట్టం, జర్మనీలో అందరినీ సమానంగా చూడాలనే 2006 చట్టం, బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ యాక్ట్, యూరోపియన్ యూనియన్ మొత్తానికి 2000లో వచ్చిన డైరెక్టివ్. ఇవి అక్కడి పౌరులకే కాదు, టూరిస్టులకీ వర్తిస్తాయి. ఫ్రాన్స్‌లో పుట్టుక చూసి సేవ నిరాకరిస్తే మూడేళ్ళ వరకు జైలు, 45 వేల యూరోల వరకు జరిమానా. జనం వచ్చిపోయే చోటైతే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఒకే చోటికి వేరువేరు రంగులవాళ్ళని పంపి ఎవరిని రానిస్తున్నారో చూసే పరీక్షని ఆ దేశపు కోర్టులు సాక్ష్యంగా తీసుకుంటాయి.

ప్రత్యేక చట్టం లేనిచోట కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. జపాన్‌లో ప్రైవేటు వ్యాపారాల్లో జాతి వివక్షని నిషేధించే సమగ్ర చట్టం లేదు. అయినా ఒతారు అనే ఊళ్ళో "జపనీయులకి మాత్రమే" అని బోర్డు పెట్టిన ఒక స్నానశాల మీద ముగ్గురు కేసు వేస్తే, 2002లో సప్పొరో జిల్లా కోర్టు ఒక్కొక్కరికీ పది లక్షల యెన్‌ల పరిహారం ఇప్పించింది. ఆ ముగ్గురిలో ఒకాయన అప్పటికే జపాన్ పౌరసత్వం తీసుకున్నారు. ఆ సంగతి చెప్పినా మొహం చూసి ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

ఆన్‌లైన్‌లో ఇళ్ళు అద్దెకి తీసుకునేటప్పుడు మొహం కన్నా ముందు పేరు కనిపిస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ మీద హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు చేసిన పరీక్షలో, నల్లజాతివాళ్ళలో ఎక్కువగా ఉండే పేర్లతో అడిగితే ఇంటివాళ్ళు ఒప్పుకునే అవకాశం దాదాపు 16 శాతం తగ్గింది. 2018లో ఆ కంపెనీ పద్ధతి మార్చి, బుకింగ్ ఖాయమయ్యాకే అతిథి ఫొటో కనిపించేలా చేసింది. నా సలహా ఏమిటంటే, ఇంటివాళ్ళ అంగీకారం కోసం ఆగక్కర్లేకుండా వెంటనే ఖాయమయ్యే బుకింగ్‌లే ఎంచుకోండి. బుక్ అయ్యాక కారణం చెప్పకుండా రద్దు చేస్తే స్క్రీన్‌షాట్ తీసి, అవే తేదీలకి ఆ ఇల్లు ఇంకా ఖాళీగా చూపిస్తోందేమో ఇంకో అకౌంట్ నుంచి చూడండి.

విమానంలో జరిగితే?

విమానంలో ఉన్నంతసేపూ సిబ్బంది మాటే చెల్లుతుంది. సీటు మార్చమంటే మారండి, దిగమంటే దిగండి, నోట్ మాత్రం రాసుకోండి. దిగాక ముందు ఎయిర్‌లైన్‌కి, తర్వాత ఆ దేశపు విమానయాన శాఖకి రాయండి. అమెరికాకి వచ్చీపోయే విమానాల విషయంలో అక్కడి రవాణా శాఖ ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటుంది. 2022లో కొందరు మాట వినలేదన్న కారణంతో 128 మంది యూదు ప్రయాణికులని కనెక్టింగ్ ఫ్లైట్ ఎక్కనివ్వని ఒక యూరోపియన్ ఎయిర్‌లైన్‌కి ఆ శాఖ 2024లో 40 లక్షల డాలర్ల జరిమానా వేసింది. వాళ్ళలో చాలామంది ఒకరికొకరు తెలియనివాళ్ళు.

ఫిర్యాదు ఎవరికి, ఎలా రాయాలి? ఎన్నాళ్ళలోపు?

ముందు ఆ సంస్థకే రాయండి. ఒక పేజీ దాటొద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు, ఏం చేశారు, అదే పరిస్థితిలో ఉన్న ఇంకొకరికి ఏం చేశారు, మీకు ఏం కావాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. డబ్బు వాపసా, రాతపూర్వక క్షమాపణా, సిబ్బందికి శిక్షణా? అడగనిది ఎవరూ ఇవ్వరు. ఎంత బాధపడ్డారో ఒక్క వాక్యంలో చెప్పి, మిగతాదంతా జరిగిన విషయానికే ఉంచండి.

వాళ్ళు పట్టించుకోకపోతే ఆ దేశంలో దీనికోసమే ఉన్న సంస్థకి వెళ్ళండి. యూరోపియన్ యూనియన్‌లో ప్రతి దేశానికీ ఇలాంటిది ఒకటి ఉండాలి. ఫ్రాన్స్‌లో హక్కుల పరిరక్షకుడి కార్యాలయం, జర్మనీలో ఫెడరల్ యాంటీ డిస్క్రిమినేషన్ ఏజెన్సీ. ఆస్ట్రేలియాలో మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు ఉచితం, ఇంటికి తిరిగొచ్చాక కూడా పంపొచ్చు.

గడువుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. జర్మనీలో పరిహారం అడగడానికి రెండు నెలలే. బ్రిటన్‌లో ఇలాంటి సేవల విషయంలో కోర్టుకి వెళ్ళడానికి ఆరు నెలలకి ఒక రోజు తక్కువ. కెనడా ఫెడరల్ కమిషన్‌కి ఒక సంవత్సరం. ఇంటికొచ్చి, పనుల్లో పడి, "తర్వాత చూద్దాం" అనుకుంటే రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

ఎంబసీ సాయం చేస్తుందా?

అరెస్టు, ఆసుపత్రి, పాస్‌పోర్ట్ పోవడం, ఇలాంటివాటికి చేస్తుంది. లాయర్ల, దుబాసీల జాబితా ఇస్తుంది. హోటల్‌తో మీ తరఫున వాదించదు, కేసు నడపదు. ఆ నంబర్ మాత్రం కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి.

నాతో వచ్చినవాళ్ళు "నువ్వు మరీ సెన్సిటివ్" అంటున్నారు.

పరాయివాళ్ళ అవమానం కన్నా ఇది ఎక్కువ కుంగదీస్తుంది. అదే బల్ల దగ్గర కూర్చున్నా, వాళ్ళ వైపు చూసిన చూపు వేరు, మీ వైపు చూసిన చూపు వేరు. వాళ్ళకి కనపడకపోవడం అబద్ధం కాదు. గొడవ జరిగిన వేడిలో ఒప్పించాలని చూడకండి. రాత్రి కుదుటపడ్డాక "నేను చెప్పింది తప్పో ఒప్పో తేల్చొద్దు, ముందు విను" అనండి. రేపటికి చిన్న ఒప్పందం చేసుకోండి: మళ్ళీ అలా జరిగితే నేను చెయ్యి నొక్కుతాను, కారణం అడగకుండా ఇద్దరం లేచి వచ్చేద్దాం.

మీరే ఆ తోడు వచ్చిన మనిషి అయితే "వాళ్ళ ఉద్దేశం అది కాదేమో" అనే మాట మొదటి గంటలో అనకండి.

పిల్లల ముందు జరిగితే?

పిల్లలు చూసేశారు, దాచలేరు. "ఏం లేదమ్మా" అంటే, జరిగింది సిగ్గుపడాల్సిన సంగతని వాళ్ళకి అర్థమవుతుంది. "ఆయన మన రంగు చూసి అలా మాట్లాడాడు. తప్పు ఆయనది. నాకూ బాధేసింది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నాతో ప్రయాణించిన ఒక తొమ్మిదేళ్ళ పాప ఆట స్థలంలో ఒక మాట పడ్డాక రెండురోజులు ఎండలోకి రానంది. ఇంకా నల్లబడతానేమోనని. వాళ్ళమ్మ అడిగి అడిగి, మూడోరోజు దుప్పటి కింద చీకట్లో ఆ మాట చెప్పించగలిగింది. పిల్లలు కారణం చెప్పరు, అలవాటు మారుస్తారు. అది గమనించండి.

ఇంకొకరికి జరుగుతుంటే చూశాను. ఏం చేయాలి?

తిట్టేవాడితో తలపడక్కర్లేదు. తిట్లు తింటున్న మనిషి పక్కన వెళ్ళి నిలబడి "ఈ బస్సు స్టేషన్‌కి వెళ్తుందా?" అని అడగండి. పాత స్నేహితుల్లా మాట్లాడండి. సాధారణంగా గొడవ అక్కడే చల్లారుతుంది. లేకపోతే డ్రైవర్‌కో గార్డుకో చెప్పండి. ఇదేదీ కుదరకపోతే అంతా అయ్యాక వెళ్ళి "నేను చూశాను, మీరు బాగానే ఉన్నారా? సాక్ష్యం కావాలంటే నా నంబర్ తీసుకోండి" అనండి. ఒకసారి ట్రామ్‌లో నాకు ఆ మాట ఒక ముసలావిడ చెప్పింది. ఆ ఊళ్ళో నేను చూసిన పెద్ద పెద్ద కట్టడాలు గుర్తులేవు, ఆవిడ చేతిసంచి రంగు గుర్తుంది.

వెళ్ళేముందే తెలుసుకోవడం ఎలా?

1936లో న్యూయార్క్ హార్లెంలో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్, నల్లజాతి ప్రయాణికులని రానిచ్చే హోటళ్ళు, భోజనశాలలు, పెట్రోల్ బంకుల జాబితా అచ్చువేయడం మొదలుపెట్టాడు. దాదాపు ముప్పై ఏళ్ళు అది వచ్చింది. ఇప్పటికీ అదే పద్ధతి మంచిది: మీలాంటి మొహం ఉన్నవాళ్ళు అక్కడ ఎలా తిరిగారో వాళ్ళనే అడగండి. మామూలు రివ్యూలలో "సిబ్బంది చాలా మంచివాళ్ళు" అన్నమాట అందరికీ వర్తించకపోవచ్చు. ఒకరిద్దరి చెడు అనుభవం చదివి దేశం మొత్తాన్ని వదులుకోవద్దు. అయితే లెక్కలని కొట్టిపారేయనూ వద్దు. యూరోపియన్ యూనియన్ హక్కుల సంస్థ 2023లో 13 దేశాల్లోని నల్లజాతివాళ్ళ మీద ప్రచురించిన సర్వేలో 45 శాతం మంది గత ఐదేళ్ళలో వివక్ష ఎదుర్కొన్నామన్నారు.

మనమూ వేరేవాళ్ళని ఇలాగే చూస్తున్నామా?

చూస్తున్నాం. "ఆ వీధిలోకి వెళ్ళకు, అక్కడ అంతా నల్లవాళ్ళే" అని తోటి ప్రయాణికులకి సలహా ఇచ్చేవాళ్ళని ఎన్నోసార్లు చూశాను. మొదటి ప్రయాణంలో ఆ సలహా నేనూ పాటించాను. టాక్సీ డ్రైవర్ మొహం చూసి బ్యాగు దగ్గరికి లాక్కున్నాను, ఆయన అద్దంలోంచి అది చూశాడు. ఏమీ అనలేదు. దిగేటప్పుడు ఆ బ్యాగుని ఆయనే జాగ్రత్తగా దింపి పెట్టాడు.

ఫిర్యాదు పంపాక నిజంగా ఏమైనా జరుగుతుందా?

చాలాసార్లు ఏమీ జరగదు. కాపీ పేస్ట్ జవాబు వస్తుంది. రెండోసారి రాస్తే పై మనిషి రాస్తారు, అందుకే రెండోసారి రాయండి.

ఆ హోటల్‌కి నేను పదకొండు రోజుల తర్వాత రాశాను. రోజూ రాత్రి మొదలుపెట్టి మూసేసేవాణ్ణి. చివరికి ఒక పేజీ అయింది: టైమ్, డిపాజిట్ రసీదు, నా వెనక వచ్చిన జంట, "ఈ రూల్ ఎక్కడ రాసి ఉందో చూపండి" అన్న ప్రశ్న. మొదటి జవాబులో అసౌకర్యానికి చింతిస్తున్నామన్నారు. అదే ప్రశ్న మళ్ళీ పంపాను. ఏడో వారంలో మేనేజర్ రెండు లైన్లు రాశాడు. అలాంటి రూల్ లేదని, అడిగి ఉండకూడదని, ఇక ఎవరినీ అలా అడగవద్దని సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పామని. ఆ మెయిల్ ప్రింట్ తీసి పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టుకున్నాను.